నాడె దగ్గర ఆగిన కులం: మిల్లు కార్మికుల అంబేద్కర్

బాబాసాహెబ్ అంబేద్కర్ అనగానే మనకు రాజ్యాంగం గుర్తొస్తుంది. మహద్ చెరువు, నాగపూర్ దీక్షాభూమి గుర్తొస్తాయి. మన వాడల్లో నిలబెట్టుకున్న విగ్రహాల్లో ఆయన చేతిలో పుస్తకం ఉంటుంది. కానీ కార్ఖానా గేటు ముందు నిలబడి, లోపల ఏ పని ఎవరికిస్తున్నారో లెక్క అడిగిన అంబేద్కర్ గురించి మనం మాట్లాడుకునేది తక్కువ.

ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ డైవర్సిటీ, ఇంక్లూజన్ అంటున్నాయి. ఏప్రిల్ 14 వస్తే కొన్ని కంపెనీలు ఆయన ఫొటోకు దండ వేసి సోషల్ మీడియాలో పెడుతున్నాయి. ఐటీఐ, డిప్లొమా, ఇంజనీరింగ్ చదివి ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్తున్న మన పిల్లలు మాత్రం ఇంటిపేరు చెప్పాలా వద్దా అని ఇప్పటికీ తటపటాయిస్తున్నారు. అందుకే ఈసారి ఆయన జీవితాన్ని పనిచేసే చోటు వైపు నుంచి చెప్పుకుందాం.

మిల్లుకు పోదామనుకున్న పిల్లవాడు

1891 ఏప్రిల్ 14న మహూ సైనిక స్థావరంలో పుట్టిన భీమరావుకు చిన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. కుటుంబం సతారాలో ఉన్న రోజుల్లో తండ్రి మళ్లీ పెళ్లి చేసుకోవడం పిల్లవాడికి నచ్చలేదు. ఇంటి మీద ఆధారపడకుండా బతకాలనిపించింది. సతారా నుంచి బొంబాయి వెళ్లిన కుర్రాళ్లకు బట్టల మిల్లుల్లో నూలు చుట్టే పని దొరుకుతోందని విన్నాడు. రైలు చార్జీ కోసం మేనత్త నడుముకు కట్టుకునే డబ్బు సంచి కాజేయాలని కొన్ని రాత్రులు ప్రయత్నించాడు. చివరకు సంచి చేతికి దొరికితే అందులో ఉన్నది అర్ధణా. సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గులోంచే బాగా చదువుకుని సొంత కాళ్ల మీద నిలబడాలన్న పట్టుదల పుట్టిందని తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

ఆ సంచిలో చార్జీకి సరిపడా డబ్బు ఉండి ఉంటే ఆయన కూడా బొంబాయి మిల్లుల్లోని వేలాది మహర్ కార్మికుల్లో ఒకరై ఉండేవారేమో. మిల్లుకు వెళ్లకపోయినా మిల్లుల మధ్యే బతికారు. కుటుంబం బొంబాయి చేరి పరేల్ ప్రాంతంలో కార్మికులుండే చాల్‌లో కాపురం పెట్టింది. తర్వాత ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు చాల్‌లో రెండు గదుల్లో ఏళ్ల తరబడి ఉన్నారు. ప్రొఫెసరైనా, బారిస్టరైనా, శాసనమండలి సభ్యుడైనా ఇల్లు అదే. మిల్లు సైరన్, షిఫ్టుకు పరుగులు, జీతం రోజున గుమ్మంలో అప్పులవాడు... ఇవన్నీ ఆయన కళ్ల ముందు రోజూ జరిగినవే.

ఉద్యోగం ఇచ్చారు, చోటు ఇవ్వలేదు

1912లో బీఏ పూర్తి చేశారు. బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి, అక్కడి నుంచి లండన్‌కు వెళ్లారు. ఒప్పందం ప్రకారం 1917లో తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు.

ఈ ఘట్టాన్ని నేటి కంపెనీల భాషలో చూడండి. సంస్థ అధిపతికి సదుద్దేశం ఉంది. అణగారిన కులం నుంచి ప్రతిభ ఉన్న మనిషిని ఎంచుకుని, ఖర్చుపెట్టి చదివించి, మంచి పదవిలో కూర్చోబెట్టాడు. కాగితం మీద ఇంతకంటే గొప్ప డైవర్సిటీ ఏముంటుంది? కానీ ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లను చేతికి ఇవ్వకుండా దూరం నుంచి బల్ల మీదికి విసిరేవారు. తాగడానికి నీళ్లు దొరకలేదు. ఊళ్లో అద్దెకు ఇల్లు ఇచ్చేవాళ్లు లేరు. గత్యంతరం లేక పార్శీ పేరు పెట్టుకుని పార్శీల సత్రంలో ఉన్నారు. పదకొండో రోజు కర్రలతో వచ్చిన గుంపు ఆయన్ని అక్కణ్నుంచి వెళ్లగొట్టింది. హిందూ స్నేహితుడూ, క్రైస్తవ స్నేహితుడూ ఇంట్లో చోటివ్వడానికి వెనకాడారు. సాయంత్రం దాకా పార్కులో కూర్చుని రాత్రి రైలుకు బొంబాయి వచ్చేశారు.

బొంబాయిలోనూ అంతే. షేర్లు, స్టాకుల మీద సలహాలిచ్చే చిన్న సంస్థ పెడితే, సలహాదారు కులం తెలియగానే ఖాతాదారులు రావడం మానేశారు. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ఆర్థికశాస్త్ర ప్రొఫెసరుగా చేరితే, అధ్యాపకుల గదిలోని కుండలో నీళ్లు తాగడానికి తోటి ప్రొఫెసర్లు కొందరు అభ్యంతరం చెప్పారు.

కాబట్టి పనిచోట వివక్ష అంటే ఏమిటో అంబేద్కర్‌కు పుస్తకాలు చెప్పాల్సిన పని లేదు. ఉద్యోగంలోకి తీసుకోవడం వేరు, అక్కడ మనిషిగా నిలవనివ్వడం వేరు. పై అధికారి మంచితనం కింది గదిలోని కుండ దాకా రాదని ఆయనకు ముప్పై ఏళ్లు నిండకముందే అర్థమైంది.

నాడె, నోరు, నేత విభాగం

1923లో లండన్ నుంచి బారిస్టరుగా తిరిగొచ్చారు, అదే ఏడాది డీఎస్సీ పట్టం అందుకున్నారు. 1924లో బహిష్కృత హితకారిణీ సభ పెట్టారు. 1927లో మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగించారు, అదే ఏడాది చివర మనుస్మృతిని తగలబెట్టించారు. ఆ మరుసటి ఏడాదే బొంబాయి మిల్లుల్లో పెద్ద సమ్మె వచ్చింది.

ఆ మిల్లుల్లో పని ఎలా పంచేవారో తెలుసుకోవాలి. నూలు వడికే విభాగంలో అంటరాని కులాల కార్మికులు చాలామందే ఉండేవారు. అక్కడ కూలి తక్కువ. కూలి ఎక్కువ వచ్చే నేత విభాగంలోకి మాత్రం వాళ్లను రానిచ్చేవారు కాదు. కారణం నాడె. మన నేతగాళ్ల ఇళ్లలో ఈ మాటలు కొత్త కాదు. పడుగు దారాల మధ్య పేక దారాన్ని అటూ ఇటూ మోసుకెళ్లేది నాడె. దానిలో కండె అయిపోతే కొత్తది పెట్టి, దారపు కొసను నాడె కంట్లోంచి బయటికి లాగాలి. ఆనాటి మిల్లుల్లో ఆ కొసను నోటితో పీల్చి లాగేవారు. ఒకే నాడె చేతులు మారుతూ పలువురి నోటికి తగిలేది. అంటరానివాడి ఎంగిలి తగిలిన నాడెను తాము నోట పెట్టుకోమని సవర్ణ కార్మికులు పట్టుబట్టారు.

తెలంగాణ పల్లెల నుంచి వలసపోయిన పద్మశాలీలు కూడా బొంబాయి మిల్లుల నేత విభాగాల్లో పనిచేశారు. కాబట్టి ఇది ఎక్కడో మరాఠీ నేల కథ అని మనం పక్కన పెట్టేది కాదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. నోటితో పీల్చే నాడె తప్పనిసరి యంత్రమేమీ కాదు. చేత్తో దారం ఎక్కించే నాడెలు అప్పటికే ఉన్నాయి. నోటి ద్వారా జబ్బులు అంటుకుంటాయని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1911లోనే పీల్చే నాడెలను నిషేధించింది. అంటే నాడె మారిస్తే ఎంగిలి సాకు పోయేది, కార్మికుల ఆరోగ్యమూ బాగుపడేది. కులం ఉన్నచోట యజమానికి ఆ ఖర్చు పెట్టాల్సిన అవసరం కనిపించలేదు. తోటి కార్మికుడికి ఆ డిమాండు పెట్టాల్సిన అవసరమూ కనిపించలేదు.

1928 ఏప్రిల్‌లో మొదలైన సమ్మె ఆరు నెలలు నడిచింది. దాదాపు లక్షన్నర మంది కార్మికులు పని మానేశారు. ఎర్రజెండా నాయకులు ముందున్నారు. అంబేద్కర్ వాళ్ల ముందు ఒక షరతు పెట్టారు. మిల్లులోని అన్ని విభాగాల్లో పనిచేసే హక్కు అంటరాని కార్మికులకు ఉందని మీ డిమాండ్లలో చేర్చాలి, లేకపోతే మా వాళ్లను సమ్మెకు దూరంగా ఉండమని చెబుతానన్నారు. నాయకులు అయిష్టంగానే ఆ డిమాండును చేర్చారు. అది మిల్లు యజమానుల ముందుకు వెళ్లినప్పుడు వాళ్లిచ్చిన జవాబు ఇంకా చురుక్కుమనిపిస్తుంది. ఇది అన్యాయమే అయితే దానికి బాధ్యులం మేం కాదు అన్నారు.

యజమాని చెప్పింది సగం నిజం. అడ్డుపడింది తోటి కార్మికులు. కానీ ఆ అడ్డును నియామక పద్ధతిగా మార్చి, దాని మీద లాభం తీసుకున్నది యజమాని. నేత విభాగంలోకి రాలేని మనిషి తక్కువ కూలికే వడుకు విభాగంలో పడి ఉంటాడు కదా. అంబేద్కర్ ఆ రెండు వైపులనూ వదల్లేదు.

ఆ అనుభవాన్ని ఆయన 1936లో కులనిర్మూలన రచనలో సిద్ధాంతంగా చెప్పారు. కులం పనుల విభజన మాత్రమే కాదు, పనిచేసేవాళ్లను ఒకరి మీద ఒకరిని మెట్లుగా పేర్చే విభజన అన్నది ఆయన వాదన. పుట్టుకతో పని ఖాయమైపోతే మారుతున్న పరిశ్రమకు తగ్గట్టు మనిషి కొత్త పనిలోకి వెళ్లలేడని, నిరుద్యోగానికి కూడా అది ఒక కారణమని విప్పి చెప్పారు.

ఇద్దరు శత్రువులు

1936 ఆగస్టులో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. పేరులో కులం లేదు, శ్రమ ఉంది. 1937 బొంబాయి శాసనసభ ఎన్నికల్లో ఆ పార్టీ పోటీ చేసిన 17 స్థానాల్లో అత్యధికం గెలిచింది. కొంకణ్‌లో రైతుల్ని పీల్చే ఖోతీ పద్ధతి రద్దుకు అంబేద్కర్ బిల్లు పెట్టారు. 1938 జనవరిలో వేలాది రైతులతో బొంబాయిలో ఊరేగింపు నడిపారు.

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వేలోని అణగారిన కులాల కార్మికుల సభ జరిగింది. అక్కడ ఆయన పెట్టిన లెక్క ఏ కంపెనీ హెచ్ఆర్ రిపోర్టుకూ తీసిపోదు. రైల్వేలో మనవాళ్లు ఎక్కడున్నారు? పట్టాల మీద గ్యాంగ్‌మెన్లుగా ఉన్నారు. పోర్టర్ పని ఎందుకివ్వరు? పోర్టర్‌తో స్టేషన్ మాస్టర్ ఇంటిపని కూడా చేయించుకుంటాడు, అంటరానివాడిని ఇంట్లోకి రానివ్వడు కనుక. వర్క్‌షాపుల్లో మనవాళ్లు కూలీలుగా మిగిలిపోతారు, మెకానిక్కులు, ఫోర్‌మెన్లు కారు. ఇలా ఒక్కో పోస్టు తీసుకుని, అక్కడ ఎందుకు లేమో, ఏ అడ్డు ఉందో విడమరిచారు. కార్మికులకు బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం అని ఇద్దరు శత్రువులున్నారని ఆ సభలోనే ప్రకటించారు. బ్రాహ్మణవాదం అంటే బ్రాహ్మణ కులస్తుల మీద కోపం కాదని, స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం లేకపోవడమని, అది ఏ కులంలోనైనా ఉండొచ్చని కూడా స్పష్టం చేశారు. కార్మికుల్లో కులం మాట ఎత్తితే ఐక్యత చెడుతుందనే యూనియన్ నాయకులకు ఆయన సమాధానం సూటిగా ఉంది. ఐక్యతను చెడగొడుతున్నది కులాన్ని పాటించేవాడే తప్ప దాన్ని ఎత్తిచూపేవాడు కాదు.

అలాగని ఆయన వర్గపోరాటానికి దూరంగా నిలబడలేదు. అదే 1938లో బొంబాయి కాంగ్రెస్ ప్రభుత్వం సమ్మె హక్కుకు సంకెళ్లు వేసే పారిశ్రామిక వివాదాల బిల్లు తెచ్చినప్పుడు శాసనసభలో తీవ్రంగా వ్యతిరేకించారు. పని చేయనని చెప్పే స్వేచ్ఛ లేని కార్మికుడు బానిసేనని వాదించారు. పదేళ్ల కింద తాను షరతు పెట్టిన కమ్యూనిస్టులతోనే కలిసి నవంబర్ 7న ఒక్కరోజు సమ్మె నడిపారు. నేడు యూనియన్లలో పనిచేసే మన యువత ఈ రెండు సందర్భాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకచోట షరతు, ఇంకోచోట చెయ్యి కలపడం. రెండింటిలోనూ ఆయన చూసింది కార్మికుడి ఆత్మగౌరవాన్నే.

కార్మిక శాఖలో నాలుగేళ్లు

1942 జూలైలో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబరుగా చేరి 1946 దాకా ఉన్నారు. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ఒకే బల్ల చుట్టూ కూర్చునే త్రైపాక్షిక సమావేశాలు ఆ కాలంలోనే నిలదొక్కుకున్నాయి. 1946లో ఫ్యాక్టరీల చట్ట సవరణతో ఏడాది పొడవునా నడిచే కార్ఖానాల్లో వారానికి 54 గంటల పని 48కి తగ్గింది. అదే ఏడాది వచ్చిన స్టాండింగ్ ఆర్డర్ల చట్టం ఉద్యోగ నిబంధనలను రాతపూర్వకంగా పెట్టమంది. కనీస వేతనాల బిల్లును 1946లో ఆయనే ప్రవేశపెట్టారు, 1948లో అది చట్టమైంది. ఈఎస్ఐకి పునాది వేసిన అదార్కర్ నివేదిక కూడా ఆ శాఖ హయాంలో వచ్చిందే.

1943 డిసెంబరులో ధన్‌బాద్ ప్రాంతపు బొగ్గు గనిలోకి స్వయంగా దిగి చూశారు. ఆ కాలపు నిర్ణయాల్లో ఒకటి మనం చర్చించుకోవాల్సినది. యుద్ధకాలపు బొగ్గు కొరత పేరుతో, స్త్రీలు భూగర్భ గనుల్లో పనిచేయకూడదన్న నిషేధాన్ని ప్రభుత్వం ఎత్తేసింది. మహిళా సంఘాలు తీవ్రంగా తప్పుపట్టాయి. గనుల్లోకి దిగే ఆ స్త్రీలు ఎక్కువగా ఆదివాసీ, దళిత కుటుంబాలవాళ్లే. అంబేద్కర్ ప్రభుత్వం తరఫున ఆ నిర్ణయాన్ని సమర్థించుకున్నారు. స్త్రీకీ పురుషుడికీ సమాన పనికి సమాన కూలి ఇస్తున్నామని చెప్పారు. 1946లో నిషేధం మళ్లీ వచ్చింది. సమాన కూలి సూత్రం గొప్పదే. అయినా ప్రమాదకరమైన పనిలోకి పేదల్ని దించడమే అవకాశం అనిపించుకుంటుందా అన్న ప్రశ్న నేటికీ ఉంది. బాబాసాహెబ్ మీద గౌరవం ఆ ప్రశ్నను దాచమని మనకు చెప్పదు.

లేబర్ మెంబరైన కొద్ది నెలలకే, 1942 అక్టోబరులో షెడ్యూల్డ్ కులాల సమస్యల మీద వైస్రాయ్‌కి ఒక వినతిపత్రం ఇచ్చారు. ఉద్యోగాల్లో వాటాతో ఆగలేదు. విదేశీ చదువుకు స్కాలర్‌షిప్‌లు, సైన్సు, టెక్నాలజీ చదువులకు సాయం, ప్రభుత్వ ముద్రణాలయాల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లలకు అప్రెంటిస్ శిక్షణ, ప్రభుత్వ కాంట్రాక్టుల్లో చోటు అడిగారు. 1943లో కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డ్ కులాలకు 8.33 శాతం రిజర్వేషన్ వచ్చింది. 1946లో అది 12.5 శాతమైంది. మిషన్ నడపడం నేర్పకుండా మిషన్ దగ్గర ఉద్యోగం అడిగితే అర్హత లేదంటారని ఆయనకు తెలుసు. అందుకే నైపుణ్యాన్నీ ఉద్యోగాన్నీ కలిపి అడిగారు.

రాజ్యాంగంలోకి రాని నిబంధన

1947 మార్చిలో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున రాజ్యాంగసభకు ఆయన ఒక ముసాయిదా ఇచ్చారు. రాష్ట్రాలు, అల్పసంఖ్యాకులు అనే పేరుతో మనకు తెలిసిన పత్రం అది. కీలక పరిశ్రమలు ప్రభుత్వ యాజమాన్యంలో ఉండాలన్న భాగాన్ని అందరూ చెప్పుకుంటారు. దానితోపాటు ఇంకో నిబంధన ఉంది. జాతి, మతం లేదా సామాజిక హోదా ఆధారంగా ప్రభుత్వాధికారులు వివక్ష చూపినా, ఫ్యాక్టరీల్లో, వాణిజ్య సంస్థల్లో ప్రైవేటు యజమానులు వివక్ష చూపినా అది నేరం కావాలని అందులో రాశారు. ఆ కేసులు విచారించడానికి ప్రత్యేక ట్రిబ్యునల్ ఉండాలన్నారు.

ఆ నిబంధన రాజ్యాంగంలోకి రాలేదు. ఆయనే ముసాయిదా కమిటీకి అధ్యక్షుడైనా సభలో బలం ఆయనది కాదు. ఉద్యోగాల్లో సమాన అవకాశాన్ని చెప్పే 16వ అధికరణ ప్రభుత్వ కొలువుల దగ్గరే ఆగిపోయింది. 17వ అధికరణ అంటరానితనాన్ని ఎక్కడున్నా రద్దు చేసింది. 1955 నాటి చట్టమూ, తర్వాత అట్రాసిటీ చట్టమూ కొంత రక్షణ ఇచ్చాయి. కానీ అర్హత ఉన్నా ఇంటిపేరు చూసి ఇంటర్వ్యూకు పిలవని యజమానిని నిలదీసే ట్రిబ్యునల్ మాత్రం రాలేదు.

1951లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1952లో బొంబాయి నుంచి లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. 1953లో హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించారు. డిసెంబర్ 6న ఢిల్లీలో కన్నుమూశారు. అంత్యక్రియలు బొంబాయిలో, మిల్లుల వాడలకు దగ్గర్లోని దాదర్ సముద్రతీరాన జరిగాయి. ఏ చాల్‌లలో ఆయన పెరిగారో ఆ చాల్‌ల జనం వీధుల్లోకి వచ్చి సాగనంపారు.

మనం అడగాల్సిన లెక్క

ఆ మిల్లుల్లో చాలావాటి స్థానంలో ఇప్పుడు మాల్స్, ఆఫీసులు వచ్చాయి. నాడెను నోటితో పీల్చేవాళ్లు లేరు. వివక్ష రూపం మార్చుకుంది. దళిత ఇంటిపేరుతో పంపిన దరఖాస్తులకు, అంతే అర్హత ఉన్న సవర్ణ పేర్లతో పోలిస్తే ప్రైవేటు కంపెనీల నుంచి పిలుపులు తక్కువ వస్తున్నాయని 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ ప్రచురించిన అధ్యయనం తేల్చింది. వెయ్యి పెద్ద కంపెనీల బోర్డులను పరిశీలించిన 2012 నాటి మరో అధ్యయనంలో దాదాపు 93 శాతం సభ్యులు అగ్రకులాలవాళ్లే. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ చర్చ వచ్చినప్పుడు పరిశ్రమల సంఘాలు 2006లో స్వచ్ఛంద ప్రవర్తనా నియమావళి చాలన్నాయి. పెద్ద లిస్టెడ్ కంపెనీలు ఇప్పుడు సెబీకి ఇచ్చే బాధ్యతా నివేదికలో ఉద్యోగుల్లో స్త్రీలెందరు, పురుషులెందరు, వికలాంగులెందరు అని చెప్పాలి. కులం ఊసు ఆ గడుల్లో లేదు.

స్త్రీల లెక్క, వికలాంగుల లెక్క తప్పకుండా ఉండాలి. వాటిని సాధించుకున్నది ఉద్యమాలే. మేం అడుగుతున్నది వాటి పక్కన కులం గడి కూడా పెట్టమని. పర్మినెంట్ కార్మికుల్లో ఏ కులాలవాళ్లు ఎందరు, కాంట్రాక్టు లేబర్లో ఎందరు, మరుగుదొడ్లు, డ్రైనేజీ శుభ్రం చేసేవాళ్లలో ఎందరు, సూపర్‌వైజర్లలో ఎందరు అని విభాగాలవారీగా చెప్పమని. లైంగిక వేధింపుల ఫిర్యాదుకు 2013 చట్టం పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో అంతర్గత కమిటీ పెట్టమంది. కులవేధింపులకు కూడా అలాంటి కమిటీ కావాలి. యూనియన్లు తమ డిమాండ్ల పత్రాల్లో ఈ రెండూ రాయాలి.

విద్యార్థులు ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు. మీ కాలేజీకి క్యాంపస్ ఎంపికలకు వచ్చే కంపెనీని దాని డైవర్సిటీ విధానంలో కులం మాట ఉందా అని రాతపూర్వకంగా అడగండి. మీ జిల్లాలోని పారిశ్రామికవాడలో అప్రెంటిస్‌లుగా ఎవరిని తీసుకుంటున్నారో, శిక్షణ తర్వాత ఎవరిని ఉంచుకుంటున్నారో పేర్లు బయటపెట్టకుండా లెక్క తీయండి. మన్మాడ్ సభలో బాబాసాహెబ్ చేసింది అదే. ఆ లెక్కలు చేతిలో ఉంటే, 1947లో ఆయన రాసిచ్చిన ఆ ఒక్క నిబంధనను పార్లమెంటు ముందు మళ్లీ పెట్టమని మనం గట్టిగా అడగగలం.